బ్యాంకాక్‌లో నాలుగు రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకాక్ వెళ్తున్నామని ఎవరు ఫోన్ చేసినా ఇంచుమించు ఇవే ప్రశ్నలు: వీసా, తిండి, పట్టాయా, బంగారం. ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ధరలు బాట్లలో ఇచ్చాను. ఒక బాట్ అంటే రెండున్నర, మూడు రూపాయల మధ్య అని లెక్కేసుకోండి. టికెట్ ధరలు అప్పుడప్పుడూ పెరుగుతుంటాయి కాబట్టి పది శాతం అటూ ఇటూ అనుకోవడం మంచిది.

## టికెట్ కొనకముందు

బ్యాంకాక్‌కి ఎన్ని రోజులు సరిపోతాయి?

ఊరికి మూడు రోజులు, పక్కనున్న పాత రాజధాని అయుత్తయకి ఒక రోజు. మొత్తం నాలుగు. అయితే అర్ధరాత్రి ఫ్లైట్ ఎక్కి తెల్లారి దిగే రోజుని ఈ లెక్కలో వేయకండి. నిద్ర ఉండదు, హోటల్ వాళ్లు మధ్యాహ్నం దాకా గది ఇవ్వరు, ఆ రోజు సగం సామాన్లతోనే గడిచిపోతుంది.

ఊరిని మూడు ముక్కలుగా చూస్తే ప్లాన్ తేలికవుతుంది. నది ఒడ్డున పాత నగరం (రాజప్రాసాదం, పెద్ద గుళ్లు), దానికి దిగువన చైనాటౌన్, తూర్పు వైపు సియామ్, సుఖుమ్విత్ రోడ్ల మీద మాల్స్, ఎత్తైన భవనాలు. ఒక రోజుకి ఒక ముక్క. ప్యాకేజీల వాళ్లు పొద్దున గుడి, మధ్యాహ్నం సఫారీ, సాయంత్రం క్రూజ్ అని మూడు మూలలకీ తిప్పుతారు. అలా తిరిగితే ఎక్కువగా చూసేది ట్రాఫిక్‌నే.

ఏ నెలలో వెళ్తే మంచిది?

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య. చలి అనకండి, ఉక్కపోత తగ్గుతుందంతే. మార్చి నుంచి మే దాకా మన విజయవాడ ఎండే, దానికి తోడు తేమ. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్, వాళ్ల కొత్త సంవత్సరం. రోడ్ల మీద అందరూ అందరి మీదా నీళ్లు చల్లుకుంటారు. సరదాపడే కుర్రాళ్లకి బాగుంటుంది. పెద్దవాళ్లతో వెళ్తే ఆ మూడు రోజులూ తప్పించండి, చాలా షాపులు కూడా మూసి ఉంటాయి. వానలు బాగా దంచేది సెప్టెంబర్, అక్టోబర్లలో. కానీ సాధారణంగా రోజంతా ముసురు పట్టదు, గంటసేపు కుండపోత కురిసి తెరిపిస్తుంది. హోటళ్లు చవగ్గా దొరికేదీ అప్పుడే.

వీసా కావాలా వద్దా? ఒకళ్లు కావాలంటారు, ఒకళ్లు వద్దంటారు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వాళ్లు వెళ్లిన సంవత్సరాలు వేరు. భారతీయులకి 2023 నవంబర్‌లో వీసా లేకుండా 30 రోజులు ఉండే వీలిచ్చారు. 2024 జులైలో దాన్ని 60 రోజులు చేశారు. ఈ నియమాలు ఏటా మారుతున్నాయి కాబట్టి టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్ ఒకసారి చూడండి, బంధువుల మాట మీద కొనకండి.

దీనికి తోడు 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డ్ తప్పనిసరి అయింది. దిగే ముందు మూడు రోజుల్లోపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నింపాలి. దీనికి రుసుము ఏమీ లేదు. డబ్బు అడిగిందంటే మీరు తెరిచింది ఏదో నకిలీ సైట్. ప్రతి మనిషికీ, చంటిపిల్లలకి కూడా, వేరుగా ఉండాలి.

హోటల్ ఏ ఏరియాలో తీసుకోవాలి?

ఏరియా పేరు కన్నా ముఖ్యమైనది బీటీఎస్ (వంతెనల మీద నడిచే సిటీ రైలు) స్టేషన్‌కి ఎంత దూరమన్నది. ఐదు నిమిషాల నడకలో స్టేషన్ ఉంటే చాలు. సియామ్, అసోక్, నానా, ఫయా థాయ్, సాలా డేంగ్, సఫాన్ టాక్సిన్ స్టేషన్ల చుట్టుపక్కల ఏదైనా బాగుంటుంది. నానా దగ్గర ఇండియన్ హోటళ్లు ఎక్కువ, కానీ రాత్రిపూట బార్ల సందడి కూడా అక్కడే. కుటుంబంతో వెళ్తే రెండు స్టేషన్లు అవతల చూసుకోండి. ప్రతూనామ్‌లో గదులు చవక, బట్టల హోల్‌సేల్ మార్కెట్ పక్కనే. రైలు మాత్రం కాస్త దూరం.

పట్టాయా కూడా కలుపుకోవాలా?

నాలుగే రోజులుంటే నా మాట, వద్దు. దూరం దాదాపు 150 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలకి పైనే. వెళ్లడానికి ఒక పూట, రావడానికి ఒక పూట, కోరల్ ఐలాండ్‌కి ఒక రోజు. అంటే బ్యాంకాక్‌కి మిగిలేది రెండు రోజులే. మన దగ్గర అమ్మే ప్యాకేజీల్లో ఎక్కువ భాగం ఈ పద్ధతిలోనే ఉంటాయి. అందుకే వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది రాజప్రాసాదాన్ని బస్సు కిటికీలోంచి చూశామంటారు.

ఆరేడు రోజులుంటే కలుపుకోండి. అప్పుడు కూడా దిగగానే సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్ నుంచే పట్టాయా బస్సెక్కి, బ్యాంకాక్‌ని చివరికి ఉంచుకుంటే ఒక ప్రయాణం కలిసొస్తుంది.

## దిగిన రోజు

ఒంటరిగా వెళ్తున్న కుర్రాణ్ణి. ఇమిగ్రేషన్‌లో ఆపుతారా?

ఆపి అడగొచ్చు, అది కూడా రెండు చోట్లా. ఉద్యోగాల పేరుతో కుర్రాళ్లని బ్యాంకాక్ మీదుగా మయన్మార్, కంబోడియాల్లోని సైబర్ మోసాల ముఠాలకి అప్పగించిన కేసులు బయటపడ్డాక మన ఎయిర్‌పోర్టుల్లోనూ ప్రశ్నలు పెరిగాయి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, చేతిలో ఖర్చులకి సరిపడా డబ్బు, ఈ మూడూ కాగితాల మీద ఉంటే టెన్షన్ అక్కర్లేదు. ఏం చూడబోతున్నారో నాలుగు ముక్కల్లో చెప్పగలగాలి.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి ఎలా వెళ్లాలి?

ముందు మీ ఫ్లైట్ ఏ ఎయిర్‌పోర్ట్‌లో దిగుతుందో చూసుకోండి. బ్యాంకాక్‌కి రెండున్నాయి.

సువర్ణభూమిలో దిగితే కింది అంతస్తులోనే ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్. ఫయా థాయ్ దాకా అరగంట, 45 బాట్లు, అక్కడ బీటీఎస్ మారొచ్చు. తెల్లవారుజామున ఐదున్నర నుంచి అర్ధరాత్రి దాకా నడుస్తుంది. నలుగురున్నా, సామాన్లు ఎక్కువున్నా మీటర్ టాక్సీయే నయం. అక్కడే మెషీన్‌లో చీటీ తీసుకుని అందులో ఉన్న నంబర్ బండి ఎక్కాలి. మీటర్ మీద 50 బాట్లు ఎయిర్‌పోర్ట్ రుసుము, టోల్ ఖర్చు మనదే.

డాన్ మువాంగ్ పాత ఎయిర్‌పోర్ట్, చవక విమానాలు ఎక్కువగా అక్కడికే. ఏ1 బస్సు ఎక్కితే మో చిత్ బీటీఎస్ స్టేషన్ దగ్గర దింపుతుంది. రెడ్ లైన్ రైలు కూడా ఉంది.

డబ్బులు ఎక్కడ మార్చుకోవాలి? ఫోన్‌పే నడుస్తుందా?

ఫోన్‌పే మీద భరోసా పెట్టుకుని వెళ్లొద్దు. ప్రతి బండి మీదా క్యూఆర్ కనిపిస్తుంది కానీ అది వాళ్ల బ్యాంకుల కోసం. చేతిలో బాట్లు ఉండాల్సిందే.

రూపాయలు అక్కడ మార్చితే రేటు బాగా తక్కువ వస్తుంది. ఇక్కడ డాలర్లు తీసుకుని అక్కడ మార్చడమే మేలు. వంద డాలర్ల నోట్లకి చిన్న నోట్ల కన్నా మంచి రేటిస్తారు, కానీ నోటు మీద గీతలు, మడతలు ఉండకూడదు. సువర్ణభూమిలో పై అంతస్తుల్లోని బ్యాంకు కౌంటర్ల కన్నా కింద రైల్ లింక్ దగ్గరున్న కౌంటర్లలో రేటు మెరుగు. ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ 200 బాట్లకి పైగా అక్కడి బ్యాంకు రుసుము పడుతుంది. మీ బ్యాంకు కోత దానికి అదనం.

సిమ్ కార్డ్, ఛార్జర్ సంగతి ఏంటి?

టూరిస్ట్ సిమ్ ఎయిర్‌పోర్ట్‌లోనే దొరుకుతుంది, పాస్‌పోర్ట్ చూపించాలి. మన రెండు పిన్నుల ఛార్జర్లు మామూలుగా పట్టేస్తాయి. లావు మూడు పిన్నులవాటికి అడాప్టర్ కావాలి. గడియారం గంటన్నర ముందుకి తిప్పుకోండి.

## ఊళ్లో తిరుగుడు

బీటీఎస్, ఎంఆర్‌టీ ఒకటేనా?

కాదు. బీటీఎస్ 1999లో మొదలైన, పైన వంతెనల మీద నడిచే రైలు. ఎంఆర్‌టీ 2004లో వచ్చింది, బ్లూ లైన్ ఊరి నడుమ భూమి లోపల నడుస్తుంది. రెంటికీ టికెట్లు వేరు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారితే మళ్లీ చెల్లించాలి. ఎంఆర్‌టీలో కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్ గేటు దగ్గర తాకిస్తే చాలు. బీటీఎస్‌కి రాబిట్ కార్డ్ గానీ, మెషీన్‌లో తీసే టికెట్ గానీ.

2019లో బ్లూ లైన్‌ని పొడిగించడంతో చూడాల్సిన పాత ప్రదేశాలు చాలా దగ్గరయ్యాయి. సనామ్ చాయ్‌లో దిగితే వాట్ ఫో (వాట్ అంటే గుడి) ఐదారు నిమిషాల నడక. వాట్ మంగ్‌కాన్‌లో దిగితే చైనాటౌన్ నడిమధ్యన ఉంటారు.

టాక్సీవాళ్లు మీటర్ వేయరంటారు కదా?

టూరిస్టులు ఎక్కువున్న చోట కాసుకుని నిలబడ్డవాళ్లు వేయరు. నడుస్తున్న టాక్సీని ఆపి "మీటర్?" అని అడగండి, కాదంటే తలుపు వేసేసి ఇంకోటి చూడండి. లేదంటే గ్రాబ్, బోల్ట్ యాప్‌లు ఉండనే ఉన్నాయి. టుక్‌టుక్ చవక అనుకోవద్దు, తరచూ టాక్సీ కన్నా ఎక్కువే అవుతుంది. సరదాకి ఒకసారి ఎక్కండి, ఎక్కే ముందే బేరం తేల్చుకోండి.

నదిలో పడవ ఎక్కాలంటే క్రూజ్ బుక్ చేయాలా?

అక్కర్లేదు. ఈ ఊళ్లో చవకైన ఆనందం చావో ఫ్రాయా నది మీద తిరిగే మామూలు పడవే. సఫాన్ టాక్సిన్ స్టేషన్ కింద ఉన్న సాథోర్న్ రేవు నుంచి ఆరెంజ్ జెండా పడవ ఎక్కితే ఎంత దూరమైనా పదహారు బాట్లు. ఆఫీసులకెళ్లేవాళ్లు, బడిపిల్లలు, కాషాయం కట్టిన భిక్షువులు అందరూ అందులోనే. నీలం జెండాది టూరిస్ట్ పడవ, కాస్త ఖరీదు, కూర్చునే చోటు దొరుకుతుంది. ఆరెంజ్ జెండావి చీకటి పడే వేళకి తగ్గిపోతాయి, అది చూసుకుని తిరుగు ప్రయాణం పెట్టుకోండి.

రాజప్రాసాదం, వాట్ ఫో, వాట్ అరుణ్ ఒకే రోజులో అవుతాయా?

హాయిగా అవుతాయి, కానీ వరస ముఖ్యం. రాజప్రాసాదం పొద్దున ఎనిమిదిన్నరకి తెరుస్తారు, అప్పటికే గేటు దగ్గరుండండి. పదిన్నర దాటితే ఎండా, టూర్ బస్సుల జనమూ రెండూ మీద పడతాయి. మధ్యాహ్నం మూడున్నర తర్వాత లోపలికి వదలరు.

అక్కడి నుంచి నడిచి వాట్ ఫో. పవళించిన బుద్ధుడు 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. ముఖం చూసి వెనక్కి తిరిగి రావద్దు, పాదాల దాకా వెళ్లండి. అరికాళ్ల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలున్నాయి. గోడ వెంట 108 కంచు పాత్రలు. చిల్లర కొనుక్కుని ఒక్కో దాంట్లో ఒక్కో నాణెం వేసుకుంటూ పోతారు, ఆ చప్పుడు హాలంతా వినిపిస్తూనే ఉంటుంది. అదే ఆవరణలో థాయ్ మసాజ్ నేర్పే బడి ఉంది, అలసిన కాళ్లకి అక్కడే మందు.

థా తియెన్ రేవులో చిన్న పడవ ఎక్కి నది దాటితే వాట్ అరుణ్. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచే చూడండి. గోపురం నిండా పింగాణీ ముక్కలే. మూడింటి టికెట్లూ కలిపి మనిషికి 1000 బాట్లు: 500, 300, 200.

500 బాట్లు పెట్టి రాజప్రాసాదం చూడడం దండగ కాదా?

రామాయణం తెలిసినవాళ్లకి దండగ కాదు. 1782లో మొదటి రామ రాజు కట్టించిన ఆ ఆవరణలో, మరకత బుద్ధుడి గుడి చుట్టూ ఉన్న వసారా గోడల మీద రామకియెన్ (థాయ్‌ల రామాయణం) మొత్తం 178 చిత్రాల్లో ఉంది. మనవాళ్లు చాలామంది బంగారు గోపురం ముందు సెల్ఫీ తీసుకుని, ఈ వసారాలో ఫ్యాన్ లేదని బయటికి వచ్చేస్తారు. కనీసం అరగంట దీనికి ఉంచుకోండి.

కథ మనదే, కానీ మలుపులు వాళ్లవి. వాళ్ల హనుమంతుడు బ్రహ్మచారి కాదు. వారధి కడుతుంటే రాళ్లు ఎత్తుకుపోయే మత్స్యకన్య రావణుడి కూతురు, హనుమంతుడు ఆమెనే వలచి ఒప్పిస్తాడు. గుమ్మాల దగ్గర కాపలా నిలబడ్డ పెద్ద పెద్ద యక్షుల్లో పచ్చటి ఒంటితో ఉన్నవాడు దశకంఠుడు. మన ఇంట్లో అమ్మమ్మలు వింటే చెవులు మూసుకుంటారేమో గానీ, వాళ్లని వెంటబెట్టుకుని చూస్తే వచ్చే చర్చ టికెట్ డబ్బుకి సరిపోతుంది.

మరకత బుద్ధుడి విగ్రహం 66 సెంటీమీటర్లే, చాలా ఎత్తులో ఉంటుంది. లోపల ఫొటోలు తీయకూడదు. వేసవి, వానలు, చలి కాలాలకి మూడుసార్లు రాజే స్వయంగా దుస్తులు మారుస్తాడు.

గుళ్లకి ఎలాంటి బట్టలు వేసుకోవాలి?

భుజాలు, మోకాళ్లు కప్పాలి. చీర, సల్వార్ కమీజ్, ప్యాంటూ చొక్కా అన్నీ సరే. నిక్కర్లు, చిరుగుల జీన్స్, చేతుల్లేని టాప్‌లు వద్దు. రాజప్రాసాదంలో పైన చున్నీ కప్పుకున్నా ఒప్పుకోరు, చేతులున్న బట్టలే వేసుకోండి. సులువుగా విప్పే చెప్పులు వేసుకుంటే రోజులో పదిసార్లు వంగక్కర్లేదు.

గేటు దగ్గర ఒకాయన "ఈరోజు మూసేశారు" అన్నాడు. నిజమా?

దాదాపు ఎప్పుడూ అబద్ధమే. మర్యాదగా, చక్కటి ఇంగ్లీషులో చెబుతాడు. తర్వాత ఇరవై బాట్లకే ఊరంతా తిప్పే టుక్‌టుక్ చూపిస్తాడు. అది తీసుకెళ్లేది రత్నాల షాపుకీ, టైలర్ షాపుకీ. నవ్వి, నడుచుకుంటూ టికెట్ కౌంటర్ దాకా వెళ్లండి. మూసి ఉంటే అక్కడే బోర్డు ఉంటుంది.

మన దేవుళ్ల గుళ్లు ఉన్నాయా?

సీలోమ్ రోడ్డులో తమిళులు పంతొమ్మిదో శతాబ్దంలో కట్టుకున్న శ్రీ మహా మారియమ్మన్ గుడి ఉంది. భక్తుల్లో థాయ్‌లే ఎక్కువ కనిపిస్తారు. దసరా రోజుల్లో ఊరేగింపుకి ఆ రోడ్డంతా నిండిపోతుంది. చిట్ లోమ్ స్టేషన్ దగ్గర ఎరవాన్ మందిరంలో ఉన్నది నాలుగు ముఖాల బ్రహ్మ. మన దగ్గర బ్రహ్మకి గుళ్లు అరుదు, అక్కడ మాత్రం పొద్దున్నుంచి రాత్రి దాకా పూలదండలే. ఎదురు రోడ్డులో కాస్త ముందుకెళ్తే వినాయకుడు, త్రిమూర్తి పక్కపక్కన ఉంటారు. త్రిమూర్తి దగ్గర గురువారం రాత్రి ఎర్ర గులాబీలు పట్టుకుని వచ్చేది ప్రేమ కుదరాలని కోరుకునేవాళ్లు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నాను. నడవగలరా?

రోజుకి రెండు చోట్లకి మించకుండా పెట్టుకుంటే నడవగలరు. బీటీఎస్ స్టేషన్లు ఎత్తులో ఉంటాయి, లిఫ్ట్ ఏ వైపుందో ముందే చూసుకోండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా హోటల్లోనో, ఏసీ మాల్‌లోనో ఉంచండి. సాయంత్రం పడవ ఎక్కిస్తే వాళ్లకి అదే బాగా గుర్తుంటుంది.

పిల్లలకి ఏం చూపించాలి?

లుంఫినీ పార్క్. ఉచితం. చెరువు గట్టున మనిషంత పొడవు ఉడుములు తీరిగ్గా నడిచి వెళ్తుంటాయి. దగ్గరికెళ్లి ముట్టుకోనివ్వకండి. సియామ్ పారగాన్ కింది అంతస్తులో అక్వేరియం ఉంది. రాజప్రాసాదంలో 120 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ లేదు.

ఫ్లోటింగ్ మార్కెట్ తప్పకుండా చూడాలా?

ఫొటోల్లో కనిపించే దామ్నోయెన్ సదువాక్ ఊరికి వంద కిలోమీటర్ల దూరం. ఇప్పుడది పూర్తిగా టూరిస్టుల కోసమే నడుస్తోంది, పడవ రేట్లు కూడా అలాగే ఉంటాయి. శుక్ర, శని, ఆదివారాలు కలిసొస్తే అంఫావా వెళ్లండి, అక్కడ స్థానికులే ఎక్కువ. దారిలోనే మేక్లాంగ్ ఉంది. కూరగాయల సంత మధ్యలోంచి రైలు వెళ్తుంది, అది వచ్చేటప్పుడు గొడుగులు మూసి బుట్టలు వెనక్కి లాగుతారు, వెళ్లగానే మళ్లీ పరిచేస్తారు.

అయుత్తయ ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

రావచ్చు. ఉత్తరాన 80 కిలోమీటర్లు, రైల్లో గంటన్నర, రెండు గంటలు. 1350 నుంచి 1767లో బర్మా సైన్యం తగలబెట్టేదాకా సియామ్ (థాయ్‌లాండ్ పాత పేరు) రాజధాని అదే. తలలు తెగిన బుద్ధ విగ్రహాల వరసలు చూస్తే హంపి గుర్తొస్తుంది. వాట్ మహాథాత్‌లో రావి వేళ్ల మధ్య ఇరుక్కున్న బుద్ధుడి తల ఉంది. ఫొటో తీసుకునేటప్పుడు కిందికి కూర్చోవాలి, మన తల దానికన్నా ఎత్తులో ఉండకూడదు. నీడ తక్కువ. టోపీ, నీళ్లు తీసుకెళ్లండి, టుక్‌టుక్‌ని గంటల లెక్కన మాట్లాడుకోండి.

ఊరంతా పై నుంచి చూడాలంటే?

మహానఖోన్ భవనం మీద 310 మీటర్ల ఎత్తున గాజు నేల ఉంది, టికెట్ బాగా ఖరీదు. నా ఓటు మాత్రం వాట్ సాకెట్ గుట్టకే. వంద బాట్లు, మెట్లు తేలిక, సాయంత్రం గాలికి గంటలు మోగుతుంటాయి.

## తిండి

మేం శాకాహారులం. బతకగలమా?

బతకగలరు, కానీ "నో మీట్" అంటే సరిపోదు. కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పోస్తారు, బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు దంచుతారు. అడగాల్సిన మాట "జే". పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలతో, చూడ్డానికి 17 అంకెలా కనిపిస్తుంది. ఆ గుర్తున్న చోట మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. జైనులకి కూడా ఇది చాలావరకు నప్పుతుంది, దుంపల సంగతి మాత్రం అడగండి. మామూలు హోటల్లో అయితే "మై సాయ్ నామ్ ప్లా" అనండి, చేపల సాస్ వేయొద్దని అర్థం.

మన భోజనం కావాలంటే ఫహురత్, నానా, ప్రతూనామ్, సీలోమ్ ప్రాంతాల్లో ఇండియన్ హోటళ్లున్నాయి. ఎక్కువగా ఉత్తరాది వంటే. ఫహురత్ గురుద్వారాలో లంగర్ అందరికీ పెడతారు. పొడులు, ఆవకాయ చెక్-ఇన్ బ్యాగులో గట్టిగా ప్యాక్ చేసి తీసుకెళ్లండి.

గొడ్డుమాంసం, పంది మాంసం తినం. ఎలా తెలుస్తుంది?

"నువ" అంటే గొడ్డుమాంసం, "మూ" అంటే పంది. "మై కిన్ మూ" అంటే పంది తినను అని. పంది అక్కడ దాదాపు అన్నిట్లోనూ కలుస్తుంది, నూడిల్స్ రసం కూడా దాని ఎముకలతోనే కాస్తారు. పంది వద్దనుకుంటే హలాల్ బోర్డున్న చోట తినడం తేలిక, కానీ గొడ్డుమాంసం సంగతి అక్కడ కూడా అడగాలి.

రోడ్డు పక్క తినొచ్చా? కడుపు పాడవదా?

జనం ఉన్న బండి దగ్గర, కళ్లెదుట వేడిగా చేసిచ్చేది తినండి. కుళాయి నీళ్లు తాగొద్దు. అడుగడుక్కీ ఉండే సెవెన్ ఎలెవెన్‌లో సీసా నీళ్లు చవక. మామిడిపండు, కొబ్బరిపాల జిగురన్నం మార్చి నుంచి జూన్ మధ్య వెళ్తే వదలకండి. ఇంకోటి, అందరూ మొహమాటపడుతూ అడిగేది: అవును, బాత్రూముల్లో చాలాచోట్ల మన దగ్గరిలాగే నీళ్ల పైపు ఉంటుంది.

## కొనడాలు, జాగ్రత్తలు, తిరుగు ప్రయాణం

అక్కడ బంగారం చవకంట కదా?

థాయ్ బంగారం 96.5 శాతం స్వచ్ఛత, మన 22 క్యారెట్ కన్నా ఎక్కువ. అక్కడ బంగారం తూచే కొలత పేరు కూడా బాటే, దాదాపు 15.2 గ్రాములు. మజూరీ తక్కువ. కానీ కొద్ది రోజుల టూర్‌కి వెళ్లినవాళ్లకి నగల మీద సుంకం మినహాయింపు ఉండదు. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకే అది. సుంకం కట్టాక మిగిలేది పెద్దగా ఉండదు. చూడ్డానికైతే చైనాటౌన్‌లో వాట్ ట్రైమిత్‌కి వెళ్లండి, ఐదున్నర టన్నుల బంగారు బుద్ధుడున్నాడు. ఏళ్ల తరబడి సున్నపు విగ్రహమనుకున్నారు. 1955లో కదిలిస్తుంటే పెచ్చు ఊడి లోపలి బంగారం బయటపడింది.

చాటుచాక్ మార్కెట్ ఎప్పుడుంటుంది?

శని, ఆదివారాలు. వేల దుకాణాలున్నాయి. నచ్చింది అక్కడే కొనండి, మళ్లీ వచ్చి చూద్దామంటే ఆ దుకాణం దొరకదు. బేరం ఆడొచ్చు, గొంతు మాత్రం పెంచొద్దు.

అక్కడ పొరపాటున కూడా చేయకూడని పనులేంటి?

రాజు, రాజకుటుంబం గురించి ఎగతాళి, చివరికి నోటు మీద కాలు వేయడం కూడా వద్దు. రాజుని అవమానించిన నేరానికి, ఒక్కో దానికి మూడు నుంచి పదిహేనేళ్ల జైలు. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి స్టేషన్లలో జాతీయగీతం వస్తే నిలబడండి. భిక్షువుల్ని ఆడవాళ్లు తాకకూడదు. విగ్రహాల వైపు కాళ్లు చాపకూడదు. ఈ-సిగరెట్లు చట్టవిరుద్ధం, బ్యాగులో ఉన్నా ఇబ్బందే.

అక్కడ గంజాయి లీగల్ అంటున్నారు, నిజమేనా?

2022 జూన్‌లో మత్తుమందుల జాబితా నుంచి తీసేశారు, 2025 జూన్‌లో డాక్టర్ చీటీ ఉండాలని మళ్లీ బిగించారు. మన దేశంలోకి తేవడం మాత్రం నేరమే. బ్యాంకాక్ ఫ్లైట్ దిగినవాళ్లని శంషాబాద్‌లో పట్టుకున్న వార్తలు తరచూ చూస్తున్నాం. ఎవరైనా "మా తమ్ముడికి ఈ చాక్లెట్ ప్యాకెట్ ఇవ్వండి" అంటే, ఎంత తెలిసినవాళ్లయినా సరే, తీసుకోకండి.

పాస్‌పోర్ట్ పోతే?

టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు. వాళ్ల దగ్గర రిపోర్ట్ తీసుకుని సుఖుమ్విత్ సోయ్ 23లో ఉన్న మన రాయబార కార్యాలయానికి వెళ్లాలి. పాస్‌పోర్ట్ జిరాక్స్, రెండు ఫొటోలు వేరే బ్యాగులో ఉంచుకుంటే పని త్వరగా అవుతుంది. అంబులెన్స్‌కి 1669.

కొన్నవాటి మీద ట్యాక్స్ వెనక్కిస్తారట, ఎలా?

టూరిస్టులకి వ్యాట్ రీఫండ్ అనే బోర్డున్న షాపులో ఒకే రోజు 2000 బాట్లకి పైగా కొంటే, పాస్‌పోర్ట్ చూపించి ఫారం రాయించుకోండి. ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగులు అప్పగించకముందే కస్టమ్స్ ముద్ర వేయించాలి. బ్యాగు బెల్ట్ మీద వెళ్లిపోయాక గుర్తొస్తే, వస్తువు చూపించమంటే ఏమీ చేయలేం. డబ్బు ఇచ్చే కౌంటర్ ఇమిగ్రేషన్ దాటాక లోపల ఉంటుంది. ఈ రెండు క్యూల కోసం మూడు గంటల ముందే చేరుకోండి. సాయంత్రం ఫ్లైట్ అయితే ట్రాఫిక్‌ని నమ్మకుండా రైలెక్కండి.